గంగాధరప్ప పదకొండు పాయింట్లు

చింతామణిలో గంగాధరప్ప ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. రైలు గది ఉన్న ఇల్లు అనండి, బస్టాండు దగ్గర ఏ ఆటో ఎక్కినా తిన్నగా గుమ్మం ముందే దింపుతారు. ఇంటి వెనక రేకుల గదిలో, ప్లైవుడ్ బల్ల మీద, ఆయన తన చేతులతో కట్టుకున్న చింతామణి స్టేషన్ ఉంది. ఇప్పుడున్న పెద్ద స్టేషన్ కాదు. శిడ్లఘట్ట వైపు నుంచి వచ్చి కోలారు వైపు పోయే చిన్న రైలు ఒకప్పుడు ఆగిన స్టేషన్. జానెడు ప్లాట్‌ఫారం, బిస్కెట్ల డబ్బా రేకుతో చేసిన ఇంజను, అగ్గిపుల్లల కంచె. పట్టాలూ మోటార్లూ బెంగుళూరులో కొన్నవి. తక్కినదంతా ఆయన మొండితనంతో చేసుకున్నదే.

అసలు స్టేషన్లో ఆయన ఇరవై ఏళ్ళకు పైగా పాయింట్స్‌మన్‌గా పనిచేశాడు. ఒక పట్టా రెండుగా చీలే చోట, రైలును ఇటో అటో మళ్ళించడానికి కదిలే ఇనుప నాలుకలుంటాయి. ఆ చోటునే పాయింట్ అంటారు. లీవరు లాగి దాన్ని కలిపేవాడు పాయింట్స్‌మన్. రైల్వేలో స్టేషన్ మాస్టరుకు కుర్చీ ఇచ్చారు, డ్రైవరుకు పేరు ఇచ్చారు, పాయింట్స్‌మన్‌కు ఎండా వానా ఇచ్చారు. గంగాధరప్ప మాత్రం ఆ ఉద్యోగాన్ని కలెక్టరు గిరీ కన్నా ఎక్కువగా చూసుకున్నాడు.

చిన్న రైలు ఆగిపోయాక ఆయన్ను దూరంగా ఏదో పెద్ద స్టేషన్‌కు మార్చారు. అక్కడ గదిలో కూర్చుని బొత్తాం నొక్కితే పాయింట్లు వాటంతటవే కదిలేవి. ఆయనకు పార్సిళ్ళ మీద చీటీలు అంటించే పని ఇచ్చారు. రిటైరయ్యే వరకు అంటించాడు. అప్పటినుంచి బొత్తాం అనే మాట వింటేనే ఆయనకు ఒళ్ళు మండేది.

అసలు స్టేషన్లో లాగే బల్ల మీద కూడా పదకొండు పాయింట్లున్నాయి. ఒక్కోదానికి సైకిలు చక్రం పుల్ల ఒకటి కట్టి, కొసను బల్ల అంచుకు తెచ్చిపెట్టాడు. లాగితే ఇటు, తోస్తే అటు. నాలుగు పాయింట్లకైతే బల్ల కిందికి దూరాలి. డెబ్బై మూడేళ్ళ వయసులోనూ ఆయన ఆ బల్ల చుట్టూ చిన్నపిల్లాడిలా పరుగులు పెట్టేవాడు.

ఆ పరుగు చలికాలం చివర్లో ఆగిపోయింది. పాలకు పోయి వస్తూ మెట్టు మీద జారాడు. తొడ ఎముకలో కడ్డీ వేశారు. వంగకూడదు, ఎక్కువసేపు నిలబడకూడదు అన్నాడు డాక్టరు. ఆ మాట గంగాధరప్ప సగమే విన్నాడు. ఆయన భార్య కెంపమ్మ మాత్రం రెండింతలు విని, రైలు గదికి తాళం వేసి, తాళంచెవి మిరపకాయల డబ్బాలో దాచింది.

మార్చిలో మంచేనహళ్ళి నుంచి ఫోన్ వచ్చింది. లక్ష్మణప్ప. చిన్న రైలుకు డ్రైవరుగా చేసినవాడు, ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. ఏటా వేసవిలో ఒక ఆదివారం పాత రైలు మనుషులు నలుగురైదుగురు ఈ రేకుల గదిలో చేరి క్రాసింగ్ చూడటం వాడుక. ఒంటి పట్టా మీద ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్ళలో ఒకదాన్ని పక్క లైన్లో, అంటే లూపులో నిలిపి, రెండోదాన్ని మెయిన్ లైను మీద పంపించడమే క్రాసింగ్. తక్కినవాళ్ళంతా ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు. ఈ ఏడు మిగిలింది లక్ష్మణప్ప ఒక్కడే.

"గంగాధరా, ఈ తూరి కూడా క్రాసింగ్ ఉండాది కదా? నాకు ఇదే ఆఖరు తూరేమో" అన్నాడు లక్ష్మణప్ప.

"ఉండాదన్నా. వచ్చేయ్" అనేశాడు గంగాధరప్ప. తొడ సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఆ ఆదివారానికి ఇంక మూడు వారాలే గడువు.

ఆయన తమ్ముడి కూతురు వర్ష చిక్కబళ్ళాపురంలో డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్తుంది. ముప్ఫై రెండేళ్ళ మనిషి, పెదనాయన అంటే ప్రాణం, ఆయన నోరంటే భయం. విషయం విని తేలిగ్గా తేల్చేసింది.

"దానికేముంది పెద్దనాయనా? నువ్వు కుర్చీలో కూర్చోని చెప్పు, నేను పుల్లలు లాగుతా."

"నేను చెప్పి నువ్వు లాగేదానికి నేనేమన్నా స్టేషన్ మాస్టరునా? పాయింట్స్‌మన్ని. నా పాయింట్లు నేనే వెయ్యాల. లేకుంటే లక్ష్మణన్నకు రావద్దని చెప్పేస్తా."

ఆయన చెప్పేస్తాడని ఆమెకు తెలుసు. చెప్పేసి, ఇంక ఆ గది గడప తొక్కడనీ తెలుసు. కాసేపు ఆలోచించి, భయం భయంగా అసలు మాట బయటపెట్టింది. ఒక్కో పాయింటుకూ బొటనవేలంత మోటారు పెట్టొచ్చు. అన్నిటినీ ఒక చిన్న బోర్డుకు కలిపి, వైఫైతో టాబ్లెట్ నుంచి నడపొచ్చు. కుర్చీలోంచి లేవనక్కర్లేదు.

"అంటే, బొత్తాలు" అన్నాడు గంగాధరప్ప.

"బొత్తాలే. కాని నొక్కేది నువ్వే కదా."

మనసులో ఎంత మండిందో ఆయనకే తెలుసు. తన ఉద్యోగాన్ని మింగిన సరుకునే పిలిచి ఇంట్లో పెట్టుకోవాలి. కానీ ఇంకో దారి లేదు. వంటింటి వైపు తిరిగి, "కెంపమ్మా, మిరపకాయల డబ్బా తే" అన్నాడు.

"తాళం అందులో ఉండాదని నీకెట్ల తెలిసె?" అందామె.

"నలభై అయిదేండ్లుగా నువ్వు ఏం దాచినా అందులోనే కదా దాచేది."

శని, ఆదివారాలు వర్ష బస్సెక్కి వచ్చేది. బల్ల కింద వెల్లకిలా పడుకుని మోటార్లు బిగించేది. ఆయన కుర్చీలో కూర్చుని టార్చి వేసి పట్టుకునేవాడు. ఒకరోజు ఆమె టాబ్లెట్ నొక్కి, పచ్చరంగు వెలిగింది చూడు అని మురిసింది. ఆయన టాబ్లెట్ వైపు చూడనే లేదు, పట్టా వైపు చూశాడు. మోటారు మర వదులై నాలుక ఉన్నచోటే ఉంది.

"ఇది కదలకుండానే కదిలినా అంటాండాది! ఇట్లా అబద్ధాలాడే దాన్ని నా స్టేషన్లో పెట్టుకోను" అని అరిచాడు. నాలుక పోయి పట్టాకు ఆనుకుంటేనే పచ్చరంగు రావాలన్నాడు, అంతే. వర్ష ఒక వారం గొణుక్కుని, పదకొండు చోట్లా, నాలుక వచ్చి తగిలితేనే కలిసే ఆవగింజంత స్విచ్చులు పెట్టింది. ఆ పని మంచిదేనని ఆమె తన కాలేజీలో చెప్పుకుందట. పెదనాయన దగ్గర మాత్రం ఒప్పుకోలేదు.

మొదటి పరీక్ష రోజు ఇంకో గొడవ. తెర మీద ఒక్కో పాయింటుకూ రెండు గుర్తులు, కన్నడంలో ఎడ, బల అని, అంటే ఎడమ, కుడి. చదువంతా కన్నడంలో అయిన పిల్ల, అలాగే రాసింది. గూడ్సు లూపులో నిలబడి ఉంది. పాసింజరు మెయిన్ లైను మీదికి పోవాలి. గంగాధరప్ప సరిగ్గా చూసుకునే ఎడ నొక్కాడు, పలక్కపోతే మళ్ళీ మళ్ళీ నొక్కాడు. పచ్చరంగు వచ్చింది. పాసింజరు తిన్నగా లూపులోకి పోయి గూడ్సును గుద్దింది. బిస్కెట్ డబ్బా ఇంజను బల్ల మీంచి కిందపడి మూతి వంకరైంది.

వర్ష నాలుక్కరుచుకుంది. ఆమె బల్లకు అవతలి వైపు పడుకుని మోటార్లు పెట్టింది. ఆమెకు ఎడమైనది ఆయనకు కుడి.

"ఎడ అంటే యాడ?" అన్నాడు గంగాధరప్ప. కోపంలో కూడా ఆ మాటకు ఆయనకే నవ్వొచ్చింది. "నువ్వు పడుకున్న ఎడనా, నేను కూర్చున్న ఎడనా, బండి పోయే ఎడనా? మా లైన్లో ఎవురూ ఎడ, బల అనరు పాపా. కోలారు పక్క, శిడ్లఘట్ట పక్క. మెయిను, లూపు. మనిషి యాడ నిల్చుకున్నా కోలారు కోలారులోనే ఉంటాది."

పాయింట్లకు నంబర్లు కూడా తీసేయించాడు. అసలు స్టేషన్లో వాటికి పేర్లుండేవి. నీళ్ళతొట్టి పాయింట్, ఉప్పుషెడ్డు పాయింట్, చింతమాను పాయింట్. పదకొండోదాని పేరు చెప్పడానికి మాత్రం కాస్త నసిగాడు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో కెంపమ్మ అన్నం క్యారియరు తెచ్చి ఆ పాయింట్ దగ్గరే నిలబడేదట. అందుకని కూలీలంతా దాన్ని కెంపమ్మ పాయింట్ అనేవాళ్ళట. ఆమె వంటింట్లోంచి ఇదంతా విని, గిన్నెలు కావలసిన దానికన్నా గట్టిగా చప్పుడు చేసింది.

అంతా కుదిరాక తేలింది అసలు ముప్పు. టాబ్లెట్ ఆయన వేలిని ఎరగనంది. నొక్కితే పదిసార్లలో ఒకసారి పలుకుతుంది. లీవర్లు లాగి లాగి ఆయన వేళ్ళ కొసలు కాయలు కాచి చెప్పుల తోలులా ఉన్నాయి. రేషన్ అంగడిలో వేలిముద్ర పడదనే ఎప్పుడూ కెంపమ్మే పోతుంది. నూనె రాసి చూశారు, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి చూశారు. లాభం లేదు. ఇంక అయిదు రోజులు.

"నొక్కేది మాత్రం నేను చేస్తా పెద్దనాయనా. పేరు నువ్వు చెప్పు" అంది వర్ష, ఫోన్లో, వీలైనంత మెత్తగా.

"కాదు" అన్నాడాయన. గట్టిగా కూడా అనలేదు.

మరునాడు పొద్దున కాఫీ తాగి, టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని, పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాడు. కుడిచేతి వేళ్ళన్నీ ఫెయిలయ్యాయి. ఎడమచేతి ఉంగరం వేలు పక్కవాటంగా పెడితే పలికింది. లీవరు పట్టుకునేటప్పుడు ఆ వేలు ఎప్పుడూ కాస్త పైకి లేచే ఉండేది, అందుకే అది బతికిపోయింది. కానీ ఆ వేలికి పని రాదు. ఒకటి నొక్కబోతే పక్కది నొక్కుతుంది. ఇంక పట్టాడు ఉడుంపట్టు. పొద్దున నలభై తూర్లు, మధ్యాహ్నం నలభై తూర్లు. నీళ్ళతొట్టి మెయిను, నీళ్ళతొట్టి లూపు, చింతమాను మెయిను, చింతమాను లూపు. మూడో రోజుకు చెయ్యి మణికట్టు దాకా వాచింది. కెంపమ్మ తిట్టుకుంటూనే వేడినీళ్ళ గుడ్డ కట్టింది. కట్టిన గుడ్డలోంచి ఆ ఒక్క వేలూ బయట ఉంచమన్నాడు. శనివారం నాటికి ఇరవై తూర్లు నొక్కితే ఇరవయ్యీ పలికాయి.

ఆదివారం పది గంటలకు లక్ష్మణప్ప కారు దిగాడు. మనిషి సగమయ్యాడు. కూతురు ఆశా ఆయన చెయ్యి పట్టుకుని గదిలోకి తెచ్చి, బల్ల ముందు గంగాధరప్ప పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. పాసింజరు ఇంజను నడిపే గుండ్రటి మీట లక్ష్మణప్ప చేతికిచ్చారు. ఎవరికి ఏది ఇవ్వాలో ఆ గదిలో చర్చ అక్కర్లేదు. గూడ్సు మీట వర్ష తీసుకుంది.

పాసింజరు ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి ఉంది. గంగాధరప్ప ఒళ్ళో టాబ్లెట్ పెట్టుకుని, ఉంగరం వేలు చాచాడు. నీళ్ళతొట్టి, లూపు. గూడ్సు కోలారు పక్క నుంచి మెల్లగా వచ్చి, నీళ్ళతొట్టి దగ్గర మలుపు తీసుకుని, లూపులోకి పోయి ఆగింది. ఒక్క పెట్టె కూడా పట్టా తప్పలేదు. ఆయన చొక్కా వీపున తడిసిపోయింది. మళ్ళీ వేలు చాచాడు. నీళ్ళతొట్టి, మెయిను. కింద మోటారు గుర్రుమంది. పచ్చరంగు వచ్చింది. పాసింజరుకు దారి వచ్చేసింది.

లక్ష్మణప్ప మీట కదిలించలేదు.

"పోనీండి తాతా. గ్రీన్ వచ్చిండాది" అంది వర్ష.

"ఎవురు చెప్పినారు?"

"టాబ్లెట్లో చూపిస్తాండాది కదా."

"దాన్ని నేను ఎరగనమ్మా" అన్నాడు లక్ష్మణప్ప శాంతంగా. చిన్న రైలు రోజుల్లో పాయింట్స్‌మన్ నోటితో చెప్పి చెయ్యి ఎత్తనిదే ఆయన ఏనాడూ ఇంజను కదిలించలేదు. సిగ్నల్ పడినా సరే, స్టేషన్ మాస్టరు కేకలేసినా సరే. ఆయన పక్కకు తిరిగి, చూపు సరిగా ఆనని కళ్ళతో గంగాధరప్ప మొహం వెతుక్కున్నాడు. "గంగాధరా, పాయింట్ ఎట్లుండాది?"

చీటీలు అంటించిన ఏళ్ళన్నిట్లో, ఆ తర్వాత ఇంట్లో కూర్చున్న ఏళ్ళన్నిట్లో తెలియలేదు గాని, తను ఎందుకు ఇంత మొండికేసి ఈ బల్ల కట్టుకున్నాడో గంగాధరప్పకు ఇప్పుడు తెలిసింది. ఈ ఒక్క ప్రశ్న కోసం. టాబ్లెట్ తీసి కెంపమ్మ చేతికిచ్చాడు. కుర్చీ చేతుల మీద బరువు వేసి మెల్లగా లేచాడు. ఎవరూ వద్దనలేదు. నీళ్ళతొట్టి దాకా మెడ సాచి చూశాడు. నాలుక పట్టాకు కరుచుకుని ఉంది, మధ్యలో వెంట్రుక కూడా పట్టదు.

"కోలారు పక్క నీళ్ళతొట్టి పాయింట్, మెయినుకు సెట్టయి ఉండాదన్నా" అని నిండుగొంతుతో చెప్పి చెయ్యి ఎత్తాడు. "పోనీ."

లక్ష్మణప్ప మీట తిప్పాడు. బండి బయలుదేరింది.