జివాడిన్ పెట్టెకి పట్టని రంగు

మా మేడలో మూడో అంతస్తులో జివాడిన్ ఉంటాడు. బస్సుస్టేషన్‌లో ఇరవై ఆరేళ్ళు టికెట్లు కొట్టాడు. ఆ ఇరవై ఆరేళ్ళలో ఒక్క బస్సూ ఆయన చెప్పిన వేళకి రాలేదు. అయినా తప్పు ఎప్పుడూ బస్సుదే.

ఆయనకి పింఛను వచ్చిన ఏడాదే స్టేషన్‌వాళ్ళు ఆయన కంప్యూటర్‌ని కూడా బయట పారేశారు. దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. పెళ్ళాం రుజిత్సని కూడా అంత భద్రంగా తేలేదు. ఆ పెట్టె పొగతాగేవాడి పన్నులా పచ్చబడిపోయింది. మొన్న స్టేషన్ అధికారి పిలిచి, "ఆదివారం మన స్టేషన్‌కి అరవై ఏళ్ళు. శుభ్రంగా చేసి తెస్తే హాల్లో అద్దాల బీరువాలో, నీ పేరు రాసి పెడతాం. ఇలాగే తెస్తే మాత్రం చెత్తకుండీకే," అన్నాడట. ఊళ్ళో తన పేరు ఒకచోట రాసి ఉండడం! అప్పటి నుంచీ మనిషి నేలమీద నడవలేదు.

శుక్రవారం పొద్దున రుజిత్స నా తలుపు బాదింది.

"దోబ్రిల పిన్నీ, ఒకసారి రా. పెట్టెకి అమ్మవారు పోసింది."

బాల్కనీలో తీగమీద, బట్టల క్లిప్పులకి పెట్టె ముందు పలకా, పక్క మూతలూ వేలాడుతున్నాయి. వేసిన తెల్లరంగు ఎక్కడికక్కడ పారిపోయి, గుంటలు గుంటలుగా కింది పసుపు కనిపిస్తోంది.

"స్ప్రే డబ్బా నకిలీది," అన్నాడు జివాడిన్.

"మూడు డబ్బాలూనా?"

"గాలిలో తేమ కూడా ఉంది, పిన్నీ."

"చినుకు పడి నెలైంది. రంగు వేసే ముందు దేనితో తుడిచావు?"

ఆయన తీగ వంక చూశాడు. రుజిత్స ఆయన వంక చూసింది.

"స్పిరిట్‌తో," అన్నాడు.

నేను చదివింది నాలుగో తరగతి. కానీ రైలు పెట్టెల కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు రంగు వేశాను. పలక వెనక రంగు తగలని చోట వేలు రాసి, నాలిక మీద పెట్టుకున్నాను.

"ఇది స్పిరిట్టా? మీ మామగారు కాచిన ప్లమ్ పళ్ళ సారా! అందులో తేనె కూడా కలిపారు."

"జ్వరానికి రాస్తాం, మోకాళ్ళకి రాస్తాం, అద్దాలు తుడుస్తాం," అన్నాడు నొచ్చుకుంటూ. "ప్లాస్టిక్ ఏమైనా దొరబిడ్డా?"

"మోకాళ్ళకి రంగు వెయ్యరు నాయనా. జిడ్డుమీద రంగు నిలవదు."

"పండగకి దాచిన సీసా అది!" అంది రుజిత్స. "నాకు గుక్కెడు పొయ్యలేదు గానీ, పెట్టెకి స్నానం చేయించాడు!"

ఆ పూటంతా ఆయన చేత గరుకు కాగితంతో రంగంతా గీకించాను. గిన్నెల సబ్బుతో రెండుసార్లు కడిగించాను. "ఆదివారానికి అవుతుందా పిన్నీ?" అని గంటకోసారి అడిగేవాడు. "నోరు ఆడినంత చురుగ్గా చెయ్యి ఆడితే అవుతుంది," అనేదాన్ని. ఆరాక అడుగుపూతగా ప్రైమర్ వేయించి, శనివారం పొద్దున డబ్బా అందించాను. జానెడు దూరం నుంచి, మంచు పడ్డట్టు పలచగా, ఒక పూతకీ ఇంకో పూతకీ మధ్య ఆగుతూ వెయ్యమన్నాను. ఆగడం ఆయనకి బాగా వచ్చు. ఇరవై ఆరేళ్ళు జనాన్ని ఆగమన్నవాడే కదా.

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. అధికారి పెట్టెమీద వేలితో తట్టి, "ఇది కొత్తది కదయ్యా, పాతదేది?" అన్నాడు.

జివాడిన్ పెట్టెని వెనక్కి తిప్పి, స్టేషన్‌వాళ్ళు ఇనుపరేకు మీద చెక్కిన నంబరు చూపించాడు. అధికారి నవ్వి, బీరువా తెరిచి, పేరు రాసిన అట్ట పక్కనే నిలబెట్టాడు. ఎవరో రంగు ఎవరు వేశారని అడిగారు.

"నేనే," అన్నాడు జివాడిన్, నా వైపు చూడకుండా.

రుజిత్స నోరు తెరవబోయింది. నేను ఆమె మోచెయ్యి గిల్లాను. గీకింది ఆయనే, కడిగింది ఆయనే, వేసింది ఆయనే. అబద్ధమేముంది?