చెయ్యని పనికి సంతకం

మా పెద్ద సిస్టర్ పోయారు. మదనపల్లెలో నాకు పని నేర్పిన హెడ్ నర్సు ఆమె. నేనిప్పుడు కుప్పంలో పనిచేస్తున్నాను. డ్యూటీలో ఉండగా మా పాత వార్డు ఆయమ్మ ఫోన్ చేసి, "పెద్ద సిస్టరమ్మ ఇంక లేదమ్మా. రామసముద్రానికి తెస్తాండారు" అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు.

రామసముద్రంలో కూలి చేసుకునేవాళ్ల బిడ్డ ఆమె. మిషన్ బడిలో చదివి నర్సయ్యారు. పొద్దున వార్డులోకి రాగానే ముందు రోగి మడమలు, నడుము చూసేవారు. కేసుషీటు ఆ తర్వాతే.

నేను చేరిన కొత్తలో, పక్షవాతంతో సదుం నుంచి వచ్చిన రైతుకు నడుము కింద పడకపుండు పడింది. ఆసుపత్రి మేనేజరు నా మీద విరుచుకుపడ్డాడు. సిస్టర్ అడ్డమొచ్చి, "ఎవురు చేసినారని కాదు సార్, యాల జరిగిందో అడగండి" అన్నారు. ఆ మధ్యాహ్నం నర్సులను, ఆయమ్మను, వార్డుబాయ్‌ని దుప్పట్ల గదిలో కూర్చోబెట్టారు. పుండు ఎందుకు పడింది? తిప్పలేదు. రోగిని పక్కకు యాల తిప్పలేదు? చివరికి నోరు విప్పింది ఆయమ్మే. "అంత బరువు ఒక్కదాన్ని యాడ తిప్పేది సిస్టరమ్మా? ముందు డ్యూటీవాళ్లు ఎప్పుడు తిప్పినారో కూడా తెలీదు."

ఆ మాటలోంచే చార్టు పుట్టింది. రెండు గంటలకోసారి కుడికి, ఎడమకి, వెల్లకిలా. తిప్పిన ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయమ్మకు సంతకం రాకపోతే సిస్టరే నేర్పించారు. డ్యూటీ మారేటప్పుడు మంచం దగ్గర నిలబడే అప్పజెప్పాలి. సదుం ఆయన పుండు మాని ఇంటికి వెళ్లాడు. మా వార్డులో ఇంకొకరికి పుండు పడలేదు.

తర్వాత నాణ్యత సర్టిఫికెట్ కోసం తనిఖీ వస్తోందన్నారు. మిగతా వార్డుల్లో చార్టులే లేవు. వెనకటి నెలలవన్నీ కూర్చుని నింపేయమన్నాడు మేనేజరు. "చెయ్యని పనికి సంతకం పెట్టేది అలవాటయితే, చేసే పని యాడుంటాది సార్?" అన్నారు సిస్టర్. ఆమెను స్టోరుకు మార్చారు. సంతకాలు మేం పెట్టాం. నేనూ పెట్టాను. సర్టిఫికెట్ వచ్చిన రోజు స్వీట్లు పంచారు. తిన్నాను కూడా.

రిటైరయిన కొన్నేళ్లకు ఆమెకే పక్షవాతం వచ్చింది. వేరే ఊళ్లో ఒక ఆసుపత్రిలో ఉంటే చూడబోయాను. మాట పడిపోయింది. మంచానికి చార్టు తగిలించి ఉంది. పొద్దున పదింటికే సాయంత్రం ఆరు దాకా నింపేశారు. దుప్పటి తీసి చూశాను. నడుము కింద నా పిడికిలి పట్టేంత గుంట.

అరిచాను. పరుగెత్తుకొచ్చిన నర్సుకు ఇరవై నిండాయో లేదో. "వార్డంతటికీ ఒక్కదాన్నే ఉండానక్కా. నింపకపోతే తిడ్తారు" అంది. ఇంకేదో అనబోయాను. సిస్టర్ కదిలే ఆ ఒక్క చేత్తో నా చీర పట్టుకుని లాగారు. ఆ పిల్లను అనొద్దని. ఆ పిల్లా నేనూ కలిసి ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాం.

సూపరింటెండెంటు దగ్గరికి వెళ్తే, చార్టు చూసి, "రికార్డు కరెక్టుగానే ఉంది కదమ్మా" అన్నాడు. ఆయన కళ్ల ముందే దాన్ని చింపేశాను. తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పుకు నన్ను బయటికి పంపడానికి ఇద్దరు వచ్చారు. ఆమెను తిప్పడానికి ఒక్కరూ లేరు. రెండు వారాలు తిరక్కుండానే పుండు విషం ఒంటికెక్కి ఆమె ప్రాణం తీసింది.

నేను వెళ్లేసరికి రామసముద్రంలో ఆమె తమ్ముడింటి వాకిట్లో శవపెట్టె సిద్ధంగా ఉంది. మా పాత మేనేజరు పూలదండ పంపాడు. దాని మీద 'నాణ్యమైన సేవకు మారుపేరు' అని రాయించాడు. లోపల ఆయమ్మ ఆమెకు తల దువ్వబోయింది. అన్ని రోజులు వెల్లకిలా పడేసి ఉంచినందుకు తల వెనక జుట్టంతా అట్టకట్టింది.

"కత్తిరించేయమ్మా, పాస్టరయ్య వచ్చేసినాడు" అన్నారెవరో.

"ఈ తలకాడికి కత్తెర తేవద్దండి" అంది ఆయమ్మ.

సిస్టర్ తల ఒళ్లో పెట్టుకుని, అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, ఒక్కో చిక్కూ వేళ్లతో విడదీస్తూ కూర్చుంది. వాకిట్లో కీర్తనలు అయిపోయాయి. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. ఆయమ్మ తల ఎత్తలేదు.