ఈరన్న ఫోటో ఉన్న పేపరు

తనకల్లు గ్రంథాలయంలో లైబ్రేరియన్ ఆదెప్ప గొంతు తెలియనోళ్లు లేరు. పొద్దున్నే పేపరు వస్తూనే జిల్లా వార్తలు గట్టిగా చదివేది ఆయన అలవాటు. చదువు రానోళ్లు అరుగు మీద కూర్చోని వినేవాళ్లు. మంచోడే, కాదనను. నోటికే అదుపు లేదు.

శనక్కాయ పంట వరసగా ఎండిపోయిన కాలమది. సంక్రాంతి పోయినాక ఒక పొద్దు లక్ష్మీదేవమ్మ వచ్చి గుమ్మం కాడ నిలబడింది. "సార్, నవంబరు నెల పేపరు కావల్ల" అనింది మెల్లగా.

"ఎందుకమ్మా? పురుగుల మందు తాగి పోయిన ఈరన్న పెండ్లామివి గదా నువ్వు? ఎందుకు తాగినాడమ్మా పాపం?"

జాలితోనే అడిగినాడు. అరుగు మీద తలకాయలన్నీ ఆమె దిక్కు తిరిగినాయి. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని దిగి పోయింది.

"ఏమప్పా, అడిగితే తప్పా?" అన్నాడు ఆదెప్ప.

ఉగాది ముందర పాత పేపర్లు కట్టలు గట్టి, పొట్లాలు కట్టుకునేదానికి తిప్పయ్య బొరుగుల అంగడికి వేసేది ఏటేటా రివాజు. ఆ యేడూ వేసినాడు. వారం తిరక్కుండానే, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు, లక్ష్మీదేవమ్మ మళ్లా వచ్చింది.

"ఇంట్లో ఉండే ఒక్క ఫోటో వార్త రాసుకునే పేపరాయన తీసకపోయినాడు సార్, తిరిగి ఇయ్యలేదు. పేపర్లో ఏసినారంట. పాప వాళ్ల నాయన మొగం మర్సిపోతాండాది."

ఆదెప్ప ఆమెను కూర్చోబెట్టి అంగడికి ఉరికినాడు. తిప్పయ్య గోనెసంచులన్నీ కుమ్మరించినాడు. ఇద్దరూ సాయంత్రం దాకా వెదికినారు. నవంబరు నెలంతా ఎప్పుడో పొట్లాలై పోయింది.

ఆదెప్ప తిరిగొచ్చేసరికి ఆమె అట్లే కూర్చోనుంది.

"దొరకలేదమ్మా. నేనే అమ్మేసినా."

"ఆ పొద్దు మీరే సదివినారంట గదా సార్. ఎట్లుండాడు ఫోటోలో? నవ్వుతాండాడా?"

అవునని అబద్ధం చెబుదామనుకున్నాడు. వార్త అక్షరం అక్షరం చదివినాడు గానీ మొగం చూసిన గుర్తు లేదు. "సూడలేదమ్మా" అన్నాడు తల దించుకోని.

ఆ సిగ్గు ఆయన్ను విడవలేదు. రిటైరయ్యే దాకా మళ్లా చావు వార్త గట్టిగా చదవలేదు. అట్లాంటి ఫోటోలన్నీ కత్తిరించి బీరువాలో దాచినాడు. ఎవరైనా వచ్చి పాత పేపరడిగితే ఎందుకని అడిగేవాడు కాదు. లోపలి గదిలో కుర్చీ వేసి, పేపరు చేతికిచ్చి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడేవాడు.

బీరువాలో చానామంది మొగాలు చేరినాయి. ఈరన్నది లేదు.