పెద్దమ్మకు రాసిన కాగితాలు

ఆ బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత సొంతంగా నాలుగు వాక్యాలు రాయించాలని హెడ్మాష్టారు పడని పాట్లు లేవు. నెలకోసారి ‘పుస్తక పఠనం వల్ల లాభాలు’ అని వ్యాసం ఇచ్చేవారు. నలభై మందీ ఒక్కడి దగ్గర్నుంచే దింపేసేవారు, తప్పులతో సహా. ఆయన తల పట్టుకునేవారు. ఆయన వల్ల కాని ఆ పనిని ఐదో తరగతితో చదువు ఆపేసిన ఆయా చేసి చూపించింది. అదీ ఒక ఇనప బీరువాతో.

ఆవిణ్ణి అందరూ బీరువా పెద్దమ్మ అనేవారు. గదులు ఊడవడం, నీళ్ళు పట్టడం అయ్యాక, వరండా చివర మెట్ల కిందున్న ఆ బీరువా ముందు స్టూలేసుకుని కూర్చునేది. పిల్లలు పారేసుకున్నవన్నీ అందులోకే చేరేవి. నీళ్ళ సీసాలు, గొడుగులు, ఒంటి మేజోళ్ళు, మూత లేని డబ్బాలు, డబ్బా లేని మూతలు. ఒకసారి ఒకే గొడుగు నాదంటే నాదని ఇద్దరు తల్లులు గేటు దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పని చేశారు. దాంతో హెడ్మాష్టారు బీరువా తలుపుకు కాగితం అంటించి, కింద సంతకం పెట్టారు: ‘గుర్తులు రాసి ఇవ్వనిదే ఎవరికీ ఏ వస్తువూ ఇవ్వరాదు. ఎంతటివారైనా సరే.’

రాసి ఆయన మర్చిపోయారు. పెద్దమ్మ మర్చిపోలేదు.

“నీలం సీసా” అని రాసుకొస్తే కాగితం వెనక్కి ఇచ్చేసేది. “నీలం సీసాలు తొమ్మిదున్నాయిరా నాయనా! నీదేదో నాకేం కలొస్తుందా? కళ్ళు మూసుకుని తడిమినా దొరికేలా రాసుకురా.”

పిల్లలు గొణుక్కుంటూ పోయి మళ్ళీ రాసేవారు. సీసా అడుగున సొట్ట ఉందనీ, అది తమ్ముడి నెత్తిన పడితే వచ్చిన సొట్టనీ, తమ్ముడి నెత్తికి మాత్రం ఏమీ కాలేదనీ, ఆ సంగతి అమ్మకింకా తెలియదనీ.

ఇక్కడే ఉంది తిరకాసు. పెద్దమ్మకు మనసులో చదువుకోవడం రాదు. కూడబలుక్కుంటూ గొంతెత్తి చదివితేనే బుర్రకెక్కేది. అందుచేత ఇళ్ళలోని గుట్లన్నీ వరండా పాలయ్యేవి. పిల్లలకు సిగ్గేయాలా వద్దా? వేయలేదు సరికదా, వినడానికి పక్క తరగతుల వాళ్ళూ మూగేవారు. బాగా రాస్తే పకపకా నవ్వేవారు. మరీ బాగా రాస్తే చప్పుడు చేయకుండా వినేవారు. రానురాను పారేసుకోవడాలు ఎక్కువయ్యాయి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఒకే స్కేలును నెలలో ఆరుసార్లు పారేసుకుని, ఆరుసార్లూ ఆరు కథలు రాసింది.

పెద్దమ్మ అన్నీ తెలిసే ఊరుకుంది. బుద్ధెరిగాక ఆవిడకు ఉత్తరం ముక్క రాసిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఇప్పుడు రోజుకు పది కాగితాలు ‘పెద్దమ్మకు’ అంటూ వస్తున్నాయి. వాటిని ఒక గుడ్డసంచిలో దాచుకుని, తీరిక దొరికితే మళ్ళీ చదువుకునేది. ఆ సంచంటే ఆవిడకు ప్రాణం.

హెడ్మాష్టారికి మాత్రం ఆ గుంపు కంటగింపైంది. “ఇది బడా, సంతా? శనివారం మధ్యాహ్నానికల్లా బీరువా ఖాళీ అవ్వాలి. ఆ సామానూ, ఆ కాగితాల సంచీ పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్” అన్నారు.

“అలాగేనండి” అంది పెద్దమ్మ. ఆ తర్వాత రెండు రోజులు ఆవిడ కొట్టే బడి గంట కూడా నీరసంగానే మోగింది.

శనివారం పాతసామాన్ల వాడు గోనెసంచి పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే హెడ్మాష్టారు జేబు తడుముకుంటూ పరుగెత్తుకొచ్చారు. రోజూ ఆయన జేబులో మెరిసే బంగారు రంగు మూత పెన్ను మాయమైంది. పెళ్ళిలో మామగారు పెట్టిన పెన్ను అది. పైగా ఆ రోజే ఆయన పెళ్ళిరోజు. ఖాళీ జేబుతో వెళితే ఇల్లాలు గడప తొక్కనిస్తుందా?

“పెద్దమ్మా, నా పెన్నేమైనా దొరికిందా?”

“పెన్నులు దొరికాయండి. గుర్తులు రాసివ్వండి.”

“నా పెన్ను నీకు తెలీదూ?”

పెద్దమ్మ తలుపు మీది కాగితం కేసి చూసింది. ఆయనా చూశారు. ఎంతటివారైనా సరే అన్న మాట కింద ఆయన సంతకమే ఉంది. అప్పటికే పిల్లలు మూగేశారు.

ఆయన క్లర్కు దగ్గర బాల్‌పెన్ను తీసుకుని ‘బంగారు మూత గల నల్ల పెన్ను’ అని రాసిచ్చారు.

“అలాంటివి మూడున్నాయండి. మిమ్మల్ని చూసి పిల్లలు కూడా అవే కొన్నారు.”

‘మిక్కిలి విలువైనది’ అని చేర్చారు.

“అందరూ అదే రాస్తారండి.”

ఆయన మెట్ల మీద కూలబడి, చెమట తుడుచుకుంటూ చాలాసేపు రాశారు. పెద్దమ్మ కాగితం అందుకుని గొంతు సవరించుకుంది.

“నీలో నువ్వు చదువుకో తల్లీ” అని బతిమాలారు.

“అదొక్కటే చేతకాదండి” అని అందుకుంది ఆవిడ. “పెద్దమ్మకు. ఈ పెన్ను... రాయదు. పద్నాలుగేళ్ళ కిందట ఒక విందులో జేబులోనే సిరా కక్కి పరువు తీసింది. అప్పట్నుంచి సిరా పోయలేదు. సంతకాలు క్లర్కు పెన్నుతోనే పెడుతున్నాను. రాయండి రాయండి అని పిల్లల్ని వేధిస్తాను గానీ, నేను ఇంట్లో సరుకుల చీటీ కూడా రాయను. ఇన్నేళ్ళలో ఇలాంటి హెచ్చరికలు తప్ప నా అంతట నేను రాసిన కాగితం ఇదే.”

ఒక్కరూ నవ్వలేదు. వరండా అంతా చప్పుడు లేదు.

పెద్దమ్మ మూడు పెన్నులూ తీసి అదే కాగితం మీద గీసి చూసింది. రెండు రాశాయి. మూడోది ఎంత రుద్దినా గీత పడలేదు.

“ఇదిగోండి, ఇది మీదే!”

అప్పుడు పగలబడి నవ్వారు పిల్లలు. హెడ్మాష్టారు కూడా ఆగలేకపోయారు. పాతసామాన్ల వాణ్ణి పంపించేసి, ఆ గుడ్డసంచి అడిగి పుచ్చుకుని, గోడకానుకుని ఒక్కో కాగితమే చదవసాగారు. తమ్ముడి నెత్తి దగ్గరికి వచ్చేసరికి నవ్వుతో ఆయన బొజ్జ కదిలింది. ఇంటి గంట కొట్టాలన్న సంగతి పెద్దమ్మ కూడా మర్చిపోయింది.

సోమవారం ఆయన చొక్కా జేబు మీద ఉతికినా పోని నీలం మరక కనిపించింది. బీరువా తలుపు మీద, పాత కాగితం పక్కన, సిరాతో రాసిన కొత్త కాగితం ఉంది. పెద్దమ్మ వరండా అంతా వినబడేలా చదివింది. “పెద్దమ్మకు. బీరువా ఎక్కడికీ పోదు. కాగితాలు పెట్టుకోవడానికి నీకు ఇంకో బీరువా తెప్పిస్తున్నాను. పెన్నులో సిరా పోశాను. మళ్ళీ కక్కింది. మా ఆవిడ చూసింది.”

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆ కాగితం ఊడదీసి, తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళి బల్ల మీద పెట్టింది.

“సగంలో ఆపేశారండి. చూసి ఏమన్నారో అది కూడా రాసుకురండి.”