ఏకిన దూది మళ్ళీ విడిపోదు

మా చిన్నప్పుడు... మెదక్‌లో చలి మొదలైందంటే చాలు, మా అబ్బా విల్లు భుజాన వేసుకుని బయలుదేరేవాడు. వేటకు కాదులెండి... దూది ఏకడానికి! పాత పరుపులు, మెత్తలు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ పొంగేలా చేసి కుట్టి ఇవ్వడం మా ఇంటి పని.

ఆయనకో పట్టుదల ఉండేది. ఎవరి దూది వాళ్ళ వాకిట్లోనే, వాళ్ళ కళ్ళముందే ఏకాలి. మన దూది మనకే వచ్చిందా అన్న అనుమానం ఎవరికీ రాకూడదు. బోర్డు కూడా లేని మా చిన్న గదికి "ఇమాం భాయ్ దుకాణం" అని పేరు రావడానికి కారణం అదే. కుల్చారం, పాపన్నపేట నుంచి కూడా కబురు వచ్చేది.

ఒక ఏడాది చలి ముందు ముసురు పట్టుకుంది. వాకిళ్ళన్నీ బురద. ఇక చేసేది లేక అబ్బా మూటలను దుకాణానికే తెచ్చాడు. ఏది ఎవరిదో తెలియడానికి పాత గలేబుల నుంచి, అంటే పరుపు తొడుగుల నుంచి, తలా ఒక పేలిక చింపి మూటకు కట్టాడు.

అందులో ఒక పూల పేలిక నాకు తెగ నచ్చింది. బొమ్మకు ఓణీ అవుతుందని విప్పేసుకున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు... అంతకు మించి ఆలోచించలేదు.

పక్కపక్కనే ఉన్న రెండు మూటలకు ఒక్కటే పేలిక కనిపించేసరికి, రెండూ పాపన్నపేట యాదమ్మవే అనుకుని అబ్బా కలిపి ఏకేశాడు. సాయంత్రం మా బజారులో ఉండే బడి సారు వచ్చి "నా మూట అయిందా?" అని అడిగాక గానీ తెలియలేదు. ఆయన్ని రేపు రమ్మని పంపి, అబ్బా గోడకానుకుని కూర్చుండిపోయాడు. నేను ఏడుస్తూ పేలిక తెచ్చి చూపించాను. కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది.

ఎందుకంటే యాదమ్మది మామూలు దూది కాదు. వాళ్ళమ్మ సొంత చేలో ఏరి, కూతురి కోసం పరుపు కుట్టించింది. ఆ అమ్మ పోయి ఏడాది కూడా కాలేదు.

మా అమ్మీ మెల్లగా అంది. "రెండూ తెల్లగనే ఉన్నయి. చెరి సగం జేసి ఇస్తే ఎవలకెర్క?"

"నాకెర్క గదా" అన్నాడు అబ్బా.

మర్నాడు ముందు సారుకు చెప్పాడు. తరవాత యాదమ్మ వంతు దూది మూట కట్టి, నన్ను వెంటబెట్టుకుని పాపన్నపేట వెళ్ళాడు. "యాదమ్మక్కా, నీ దూదిల వేరేటోళ్ల దూది కలిసింది. తప్పు నాదే" అన్నాడు. నా పేరెత్తలేదు.

యాదమ్మ తిట్టలేదు. మూటలోంచి పిడికెడు దూది తీసుకుని చాలాసేపు చూసింది. "గీ దూదిల మా అమ్మది ఏది ఇమాం భాయ్?" అని అడిగింది.

నేను అబ్బా వెనక దాక్కున్నాను. నేనే చేశానని ఆమెకు ఆ రోజూ చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు... ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఊరి నోటికి మూత ఉండదు కదా! సారు నలుగురితో అన్నాడు, ఆ నలుగురూ నలభై మందితో అన్నారు. "ఇమాం భాయ్ దుకాణంల దూది మారుతదట." ఆ చలికాలం ఒక్క కబురూ రాలేదు. రోజూ నమస్తే పెట్టేవాళ్ళు కూడా అటు తిరిగి పోయేవాళ్ళు. అబ్బా మాత్రం పొద్దున్నే తలుపులు తీసి, ఊడ్చి, కూర్చునేవాడు. బడి అయ్యాక నేనూ వెళ్ళి పక్కన కూర్చునేదాన్ని. అంత ఒంటరితనం నేను మళ్ళీ చూస్తాననుకోలేదు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, "చెప్పకపోతే అయిపోతుండె గదా అబ్బా?"

"అయిపోతుండె బేటీ. గని మల్ల ఎవరి మూట ముట్టాలన్నా భయమైతుండె."

చలి తగ్గుతుండగా ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. యాదమ్మ! తన కూతురి ఇంటి పరుపు దింపింది. అబ్బా గబగబా లేచి, "నేనే మీ వాకిట్లకొచ్చి ఏకుత అక్కా" అన్నాడు.

"ఏమొద్దు, ఈడనే ఏకు. నేను బజారుకు పోయొస్త" అంది. "కలిపినోళ్లు ఇంకెందరున్నరో నాకేమెర్క? ఇంటికొచ్చి చెప్పినోనివి నువ్వొక్కనివే."

ఆమె వెళ్ళాక అబ్బా కళ్ళు తుడుచుకోవడం చూశాను. యాదమ్మ ఆ మాటే కనబడ్డవాళ్ళందరికీ చెప్పిందట, మరుసటి చలికాలానికి మాకు ఊపిరాడనంత పని.

ఇప్పుడు అబ్బా లేడు. దుకాణం నేనే చూసుకుంటున్నాను. దూది పోయి ఫోం పరుపులొచ్చాయి. సగం ఆర్డర్లు ఫోన్‌లోనే. మొన్నొకాయన వచ్చి, "మేడం, మంచి రివ్యూలు మేమే రాయించి పెడతం, నమ్మకం పెరుగుతది" అన్నాడు. నవ్వి పంపేశాను.

పోయిన నెల ఒకరికి పొరపాటున తక్కువ రకం పరుపు పంపాను. తెలియగానే ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికి వెళ్ళాను. తలుపు సందులోంచే ఒకబ్బాయి, "యాప్‌ల రిటర్న్ పెట్టినం ఆంటీ, అయిపోయింది" అని తలుపేశాడు.

తప్పు నాదేనని చెబుదామని వెళ్ళాను... వినడానికి ఎవరూ నిలబడలేదు.

మీ ఊళ్ళో ఇంటికొచ్చి తప్పు ఒప్పుకున్న దుకాణదారు ఎవరైనా ఉంటే, వాళ్ళ కథ ఇక్కడ రాయండి. దుకాణంలో పొద్దంతా ఒక్కదాన్నే ఉంటాను... అన్నీ చదువుతాను.