ఖాళీ స్నానాలగదిలో మోటరు

నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. పక్షవాతంతో మా ముసలాయన చెంబు ఎత్తలేకపోతే, గీజరుకు చిన్న మోటరు కలిపి షవర్ పెట్టించాము. ఆయన పోయి మూడు నెలలైంది. అయినా రోజూ తెల్లవారగానే, ఆయన స్నానం వేళకు, ఖాళీ గదిలో ఆ మోటరు మోగుతుంది. కోడలు భయపడి ఈ రోజు ప్లంబరును పిలిచింది.

అతను చూసి, "దయ్యం లేదు, ఏం లేదు పెద్దమ్మా. నల్లా కారుతుంది. గీజరుకు, మోటరుకు ఒకటే స్విచ్చి. నీళ్లు కదిలితేనే మోటరు మోగుతది; స్విచ్చి ఏస్తే, గా కారే నీళ్లకే మోగుతుంది. గంత పొద్దుగాల ఎవరేస్తున్నరు?" అన్నాడు.

"నేనే ఏస్తున్న. ఆయనకు నీళ్లు కాగొద్దా?" అన్నాను.

"అత్తమ్మా!" అని కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అన్నా, గా మోటరు తీసెయ్."

"ముట్టి చూడు, చేతులిరగ్గొడ్త!" అన్నాను.

అతను నల్లా ఒక్కటి బిగించి, జల్దీగా వెళ్లిపోయాడు. ఇక మోగదట.

రేపు పొద్దున కూడా స్విచ్చు వేస్తాను. మీరైతే మానేస్తారా, చెప్పండి. మోటరు మోగితే కోడలికి భయం. మోగకపోతే ఎట్లా అని నాకు భయం.