పెత్తరమాస నాటి దవడ ఎముక

ఈ సంగతిని రాసి పెట్టవలసిన అవసరం ఒక్కటే. నా తమ్ముని ఊళ్లో ఇప్పుడు దీన్ని మూడు విధాలుగా చెప్పుకొంటున్నారు. పుర్రె మాట్లాడిందని కొందరు, డాక్టరు చదివే పిల్ల మంత్రం వేసి మనుషుల చేతులు కట్టేసిందని కొందరు, అసలు ఆ రోజు దెబ్బలే పడలేదని కొందరు. ఈ మూడో కథ అన్నిటికంటే ప్రమాదకరమైనది. దెబ్బలు పడ్డాయి. చూశాను, ఒకటి తిన్నాను. కనుక జరిగినది జరిగిన వరుసలో చెబుతాను.

నేను వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించి, పదవీ విరమణ తరువాత వనపర్తిలో స్థిరపడినవాణ్ని. తమ్ముడు తెలకపల్లి సమీపంలోని ఒక పల్లెలో సేద్యం చేసేవాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అతని కూతురికి తుంగభద్ర అవతలి పట్టణంలో వైద్య విద్యలో సీటు వచ్చింది. నా విద్యార్థి దశ నాటి ఎముకల పెట్టెను ఆమెకు ఇచ్చాను. రేకు పెట్టె, లోపల ఒక్కొక్క ఎముకా నా భార్య చీకిపోయిన గద్వాల చీర ముక్కల్లో చుట్టి ఉండేది. కుడివి కుడిపక్క, ఎడమవి ఎడమపక్క, పుర్రె, కింది దవడ వేరువేరుగా. ఆ వరుస తప్పితే నేను సహించేవాణ్ని కాను.

దసరా సెలవులకు ఆ అమ్మాయి పెట్టెతో సహా ఇంటికి వచ్చింది. తిరిగి వెళ్లగానే ఎముకల మీద మౌఖిక పరీక్ష. పెత్తరమాస నాడు నేను ఆమె చదువు చూడడానికి వెళ్లాను. మా పక్క ఆ అమావాస్య పోయినవారిది. ఇంటింటా చనిపోయిన పెద్దలను తలచుకొని వారి పేరిట విస్తరి వేస్తారు.

అరుగు మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకొమ్మని, చేతిలో ఒక ఎముక పెట్టాను. చూసి చెప్పేది సగం చదువు. తడిమి చెప్పేదే పూర్తి చదువు అని నా పద్ధతి.

"ఏ ఎముక? ఏ పక్కది?"

"కంటె ఎముక. కుడిపక్కది, పెద్దనాయినా."

"కారణం చెప్పు."

"మొద్దు కొస రొమ్ము దిక్కు, సదును కొస భుజం దిక్కు, గాడి కిందికి. గిట్ల పెడితె వంపు ముందలికి వస్తది."

తమ్ముడు స్తంభానికి ఆనుకొని చుట్ట తాగుతూ నవ్వాడు. "సంతల మేము ఎద్దు నోరు తెరిసి పండ్లు చూసి వయసు చెప్తం. దానికి ఐదేండ్ల కాలేజా?"

"నువ్వు ఎద్దుకే చెప్తవు నాయినా. నేను ఎద్దును కొనెటోనికి గూడ చెప్త."

పుర్రె అడిగాను. పెట్టెలో లేదు. కింది దవడ మాత్రం ఉంది. నాకు కోపం వచ్చింది. లోపల నుంచి మరదలు, అంటే తమ్ముని భార్య, తలుపు చాటున నిలబడి మెల్లగా చెప్పింది. "నేనే తీసిన బావా. అందరి పెద్దలకు బువ్వ పెడుతున్నం. పెట్టెల ఉన్నది ఎవల తల్లో, ఎవల అవ్వో. దానికి పెట్టెటోళ్లు లేరు గద. మనింట్ల ఉండంగ ఉపాసం ఉంచుతమా?"

వంటింటి మూలలో పుర్రెను పీట మీద పెట్టి, పసుపు పూసి, నొసట కుంకుమ అద్ది, ముందు దీపం వెలిగించి విస్తరిలో అన్నం, సొరకాయ కూర వడ్డించింది. అది అధ్యయన సామగ్రి అనీ, వెంటనే కడిగి పెట్టెలో చేర్చమనీ చెప్పాను. దీపం కొండెక్కేదాకా ఉండనీయమని బతిమాలింది. సరే అన్నాను.

ఆ దీపం కొండెక్కక ముందే పక్కింటి ఆమె విస్తరాకుల కోసం వచ్చింది. ఆమె చిన్న కొడుకు, పెండ్లి కాని యువకుడు, కడుపునొప్పితో అల్లాడి కొద్ది వారాల క్రితమే చనిపోయాడు. ఏ దవాఖానలోనూ నొప్పి ఏమిటో తేలలేదు. ఎవరో బాణామతి, అంటే చేతబడి, చేశారన్న మాట ఊళ్లో అప్పటికే ఉంది. పిల్లవాణ్ని తమ చేనిలోనే పాతిపెట్టారు. ఆ రోజు ఆమె అతనికి మొదటి విస్తరి వేయవలసి ఉంది. అటువంటి తల్లి మా వంటింట్లో పసుపు పూసిన పుర్రెను చూసింది. ఆకులు తీసుకోకుండా వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

తరువాత మగవాళ్లు వచ్చారు. ఆమె భర్త ముందు, అన్నదమ్ముల కొడుకులు వెనుక. చేతుల్లో కర్రలు, ఒక గడ్డపార. తమ్ముని నోట్లోని చుట్ట తీయనివ్వలేదు. జుట్టు పట్టి అరుగు మీది నుంచి లాగారు. తల మెట్టుకు తగిలి ఎగిరి, మళ్లీ తగిలింది. వీధిలో పడేసి కాళ్లతో తన్నారు. పక్కటెముకల మీద మడమ పడినప్పుడు మెత్తని మాంసం చప్పుడు వేరు, ఎముక లొంగే చప్పుడు వేరు. నా జీవితమంతా నిశ్శబ్దమైన శరీరాల మధ్య గడిచింది. ఆ చప్పుళ్లను నేను అంతకు ముందు వినలేదు. అయినా దేనికి ఏది విరిగిందో నాకు తెలుస్తూనే ఉంది.

"నా కొడుకు తలకాయ తవ్వి తెచ్చి పూజ చేస్తున్నవా రా, లంజకొడకా?" అని ఆ తండ్రి అడుగుతున్నాడు. జవాబు కోసం కాదు. ప్రతి ప్రశ్నకూ ఒక దెబ్బ.

నేను వారి మధ్యకు వెళ్లి, మట్టిలో శరీరం అంత కొద్ది కాలంలో ఎముకగా మిగలదని, ఈ పుర్రె దశాబ్దాల నాటిదని, రంగే అందుకు సాక్ష్యమని వివరించబోయాను. ఒక యువకుడు "నువ్వే తెచ్చిచ్చినవంట గద సారూ" అంటూ కర్ర ఎత్తాడు. తల కాపాడుకొనేందుకు ఎడమ చేయి అడ్డం పెట్టాను. ముంజేతిలో చిటికెనవేలి వైపు ఎముక విరిగింది. దెబ్బకు అడ్డం పెట్టిన చేతిలో మొదట విరిగేది అదేనని ఏటేటా తరగతిలో చెప్పేవాణ్ని.

"పండ్లు రాలగొట్టుండ్రి. పండ్లు లేకుంటె మంత్రం పారది" అని ఎవరో అన్నారు.

ఇది మా ప్రాంతపు పాత నమ్మకం. మంత్రగాని పళ్లు ఊడగొడితే అక్షరం సరిగా పలకదనీ, మంత్రం చచ్చిపోతుందనీ అంటారు. ఇద్దరు తమ్ముని చేతుల మీద మోకాళ్లు మోపారు. ఒకడు గోడ కింది బండరాయి తెచ్చాడు. మొదటి దెబ్బకు పెదవి చీలింది. రెండో దెబ్బకు ముందరి పళ్లు లోపలికి ఒరిగాయి. మూడో దెబ్బ తరువాత తమ్ముడు నెత్తుటితో పాటు పళ్లు మింగకుండా తల పక్కకు తిప్పి ఉమ్మాడు. దుమ్ములో అవి జొన్న గింజల్లా పడ్డాయి. మరదలు వాటిని ఏరబోతే చెయ్యి తొక్కారు.

అప్పుడు కిరసనాయిలు డబ్బా వచ్చింది.

అమ్మాయి ఇంట్లో నుంచి బయటికి వచ్చింది. చేతిలో పుర్రె లేదు. కింది దవడ ఉంది. మగవాళ్ల వైపు పోలేదు. వారికి వెనుక నేల మీద కూలబడి ఉన్న ఆ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అత్తమ్మా, నీ కొడుకుకు పండ్లున్నయా, లేవా?"

ఆమె దవడ ఎముక వైపే చూస్తోంది.

"చెరుకు గడ నోటితోనే ఒలిచెటోడు. నేను చూసిన. అన్ని పండ్లున్నయి. అవునా, కాదా?"

"ఉన్నయి" అంది తల్లి.

"గిది ఆ తలకాయ దవడనే. పండు ఊడితె గుంట ఉంటది. పానం ఉంటె ఆ గుంట ఏడాది తిరిగెవరకు పూడ్తది. సచ్చినంక ఊడితె ఎన్నటికీ పూడదు. దీంట్ల ఒక్క గుంట గూడ లేదు. చెయ్యి పెట్టు. కండ్లు మూసుకొని చూడు."

అమ్మాయి ఆ తల్లి వేలు పట్టుకొని ఎముక అంచు మీద పెట్టింది. డబ్బా పట్టుకొన్న ఆమె భర్త వైపు తల తిప్పింది.

"మామా, సంతల ఎద్దు నోరు తెరువకుండ పైసలిస్తవా? గిది గూడ చూసినంకనే కాల్చు."

ఆ తల్లి వేలు దవడ అంచు మీద ఒక కొస నుంచి రెండో కొస దాకా నడిచింది. అంతా నున్నగా, సన్నగా అరిగి ఉంది. తరువాత ఆమె అదే వేలును తన నోట్లో, ఎడమవైపు పళ్లు ఊడిన చోట పెట్టి తడిమి చూసుకొంది. మళ్లీ ఎముకను తడిమింది. వీధిలో తమ్ముని ఊపిరి గురగుర వినిపిస్తోంది.

"గిది ముసలిది" అంది. "నా పిలగాడు కాదు."

"మరి ఎవలిదే?" అన్నాడు భర్త.

"ఎవలిదైతేంది. దిక్కులేనిదానికి బువ్వ పెట్టుకుండ్రు. ఆ డబ్బ కింద పెట్టు."

అతడు వెంటనే పెట్టలేదు. వెనుక ఉన్నవారిలో ఒకడు "అంటించు" అని కూడా అన్నాడు. ఆమె లేచి వచ్చి డబ్బాను కాలితో తన్నింది. నూనె తమ్ముని కాళ్ల పక్కగా పారి మట్టిలో ఇంకింది. గుంపు క్షమాపణ చెప్పలేదు. కర్రలు భుజాన వేసుకొని విడిపోయింది.

ట్రాక్టరులో నాగర్‌కర్నూల్ దవాఖానకు వెళ్లాం. తమ్ముని పక్కటెముకలు అతుక్కున్నాయి; పళ్లు రాలేదు. ఫిర్యాదు అయింది, తరువాత ఊరి పెద్దల మాటతో నీరుగారింది. నాకది ఇష్టం లేదు. కానీ అక్కడ బతకవలసింది తమ్ముడు.

కూతురు ఇక కళాశాలకు పోనంది. తన పెట్టె వల్లే తండ్రి నోరు పోయిందని దాని ముఖం చూడలేదు. కుట్ల నోటితో తమ్ముడు అన్న మాట సగమే అర్థమైంది. మిగతా సగం చేయి ఊపి చెప్పాడు. "పో. నువ్వు సదువకపోతె గీ పండ్లు ఉత్తగ పోయినట్టు." ఆమె వెళ్లింది. మౌఖిక పరీక్షలో ఆమెకు ఏ ఎముక వచ్చిందో నేను అడగలేదు.

మరుసటి పెత్తరమాసకు సెలవులో వచ్చినప్పుడు, ఆమె తండ్రిని అరుగు మీద కూర్చోబెట్టి నోరు తెరవమంది. చేతులు కడుక్కొని, కళ్లు మూసుకొని, వేలితో కింది చిగురు అంచును ఈ కొస నుంచి ఆ కొసకు తడిమింది. చాలాసేపు వేలు తీయలేదు.

"పూడినయా?" అని నేను అడిగాను.

"పూడినయి, పెద్దనాయినా."

తమ్ముడు నోరు మూసుకొని, గాలి పోయే మాటలతో అన్నాడు. "నాది గూడ పెట్టెల పెడుతవా ఏంది?"

ఆమె చేయి కడుక్కోవడానికి లేచింది. లోపల మరదలు విస్తర్లు వేస్తోంది. ఎముకల పెట్టె అప్పటికి నా ఇంటికి చేరింది; అయినా ఒక విస్తరి ఎక్కువే వేసింది. దానికి ఆకు పక్కింటి నుంచి వచ్చింది.

నేను చూసినది ఒక వైపు నుంచి చూసినదే. చేయి విరిగిన తరువాత కొంతసేపు నా కళ్లకు చీకట్లు కమ్మాయి. దెబ్బల వరుసలో, మాటల వరుసలో పొరపాటు దొర్లి ఉండవచ్చు. రాయి ఎత్తింది ఎవరో నాకు నిశ్చయంగా తెలియదు కనుక రాయలేదు. ఆనాడు ఆ వీధిలో నిలబడినవారు, కర్ర పట్టినవారైనా సరే, ఇది చదివితే తప్పున్న చోట వేలు పెట్టి చూపండి. దిద్దుకొంటాను. దెబ్బలు పడలేదని మాత్రం చెప్పకండి.